డబ్బా మీది స్టిక్కరు

పాత కంప్యూటరు కొనేటప్పుడు చాలామంది ముందు స్విచ్ వేసి చూస్తారు. తెర వెలిగితే చాలనుకుంటారు. నేను ముందు డబ్బాను పక్కకు తిప్పి చూసేదాన్ని. పక్కనో, వెనకనో, పైనో అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద రంగు కాగితం ఒకటి అతికించి ఉండాలి. దాని మీద అయిదేసి అక్షరాల ముక్కలుగా ఒక కీ అచ్చువేసి ఉండాలి. ఆ కాగితం ఉంటే ఆ డబ్బాలో విండోస్ వాడుకునే హక్కు ఉన్నట్టు. లేకపోతే లోపల ఎంత మంచి సరుకున్నా ఏదో ఒక రోజు తెర మీద పేచీ మొదలవుతుంది.

కర్నూలులో నేను చేసిన పనిలో ఎక్కువ భాగం ఆ పేచీలు తీర్చడమే. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, ఆ రోజుల్లో మీరు ఏం చేసేవాళ్లు మేడమ్ అని అడుగుతుంటారు. ఏ బటన్ ఎప్పుడు నొక్కాలో ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతుంది, అది నేను చెప్పనక్కర్లేదు. ఆ పని నన్ను ఎవరెవరి దగ్గరికి తీసుకుపోయిందో చెబుతాను.

రంగయ్య శెట్టి కొట్టు

మాది ఆత్మకూరు పక్క పల్లె. నాయన రెండెకరాల మెట్ట చేసుకుంటూ ఆదివారాలు చర్చిలో గంట కొట్టేవాడు. నాకు ఎస్తేరు అని పేరు పెట్టింది కూడా ఆయనే. కర్నూలులో పాలిటెక్నిక్ చదివి, రేడియోలూ టీవీలూ బాగుచేసే దుకాణాల్లో కొన్నేళ్లు పనిచేసి, కంప్యూటర్లు వచ్చాక వాటివైపు మళ్లాను. రంగయ్య శెట్టిగారి దగ్గర చేరేనాటికి నాకు నలభై దగ్గర పడుతున్నాయి. మా ఆయన డోన్‌లో రైల్వేలో పనిచేసేవాడు. పొద్దున రైలుకు పోయి సాయంత్రం రైలుకు వచ్చేవాడు.

శెట్టిగారిది తాతల నాటి నుంచీ ఇత్తడి, స్టీలు సామాన్ల వ్యాపారం. అది మందగించాక కొట్టులో సగం ఖాళీ చేయించి పాత కంప్యూటర్లు పెట్టారు. బెంగళూరులో పెద్ద ఆఫీసులు కంప్యూటర్లు మార్చినప్పుడు పాతవి గుట్టగా అమ్మేస్తాయి. ఈయన వాటిని లారీకెత్తించి తెచ్చేవారు. బిందె కొనేటప్పుడు వేలితో కొట్టి మోత వినే అలవాటు కొద్దీ కంప్యూటరు డబ్బాను కూడా కొట్టి చూసేవారు. నేను నవ్వితే, లోపల ఏమన్నా వదులైంటే మోతలో తెలుస్తుందమ్మా అనేవారు. ఒకటి రెండుసార్లు తెలిసింది కూడా. ఎక్కువసార్లు తెలియలేదు.

ఆయన దగ్గరికి రాకముందు ఒక వేసవి మరొకాయన దగ్గర పనిచేశాను. ఆయన ఇక పనికిరాని డబ్బాల మీది స్టిక్కర్లను జుట్టు ఆరబెట్టుకునే మిషన్‌తో వేడిచేసి, చిరగకుండా ఊడదీసి, వేరే డబ్బాలకు అతికించి అమ్మేవాడు. ఒప్పుకోవాలి, చేయి తిరిగిన పని. కానీ ఆ స్టిక్కరు ఏ డబ్బాతో పుట్టిందో దానితోనే పోవాలి. ఆ రకం పని నాకు నచ్చక మానేశాను. ఎందుకు మానేశావని శెట్టిగారు అడిగితే జరిగింది చెప్పాను. ఆయన "ఒకరి బిందె మీద పేరు చెరిపి ఇంకొకరికి అమ్మినట్టుండాదే" అన్నారు. లైసెన్సు అంటే ఏమిటో ఆయనకు నేను మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు. మీ యజమానికి కంప్యూటర్ తెలియకపోయినా ఫరవాలేదు. ఈ ఒక్క ముక్క తెలియనివాడి దగ్గర మాత్రం చేరకండి.

మోసపోయి ఉండవచ్చు

ఆత్మకూరు దగ్గరి ఒక మిషన్ స్కూలు మా దగ్గర ఒక గదికి సరిపడా కంప్యూటర్లు కొంది. పిల్లల తల్లిదండ్రుల్లో ఎక్కువమంది కూలి పనికి పోయేవాళ్లు, చిన్న చిన్న కయ్యలున్న రైతులు. చర్చి సంఘంవాళ్లంతా తలా ఒక చెయ్యి వేసి ఆ గది కట్టుకున్నారు. గోడలకు సున్నం కూడా వాళ్లే కొట్టారు. హెడ్‌మాస్టరు దేవసహాయం సారు చర్చిలో ప్రార్థన చేయించి మరీ ఆ గది తలుపు తెరిచారు.

ఆ డబ్బాల్లో బెంగళూరు ఆఫీసువాళ్లు వాడిన విండోస్ అలాగే ఉంది. పెద్ద ఆఫీసులు తమ కంప్యూటర్లన్నిటికీ కలిపి ఒకే కీ వాడతాయి. ఆ కీ ఆఫీసుది. డబ్బా చేతులు మారితే అది వెంట రాదు. అయినా మేం దుమ్ము దులిపి, పాత ఫైళ్లు చెరిపి అలాగే అమ్మాం. కర్నూలులో అప్పుడు అందరూ చేసేది అదే, చాలాచోట్ల అంతకన్నా అధ్వానం. తెర వెలిగింది, పిల్లలు బొమ్మలు గీశారు, ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

తర్వాత స్కూలుకు ఇంటర్నెట్ వచ్చింది. దానితోపాటు, విండోస్ అసలుదో కాదో పరీక్షించే అప్‌డేట్ కూడా దిగింది. ఒక గురువారం పొద్దున పిల్లలు ఆన్ చేసేసరికి ప్రతి తెర మూలనా ఒక నక్షత్రం గుర్తు, దాని పక్కన ఇంగ్లీషులో ఒక హెచ్చరిక. ఈ కాపీ అసలుది కాదు, నకిలీ సాఫ్ట్‌వేర్ వల్ల మీరు మోసపోయి ఉండవచ్చు అని దాని సారాంశం.

దేవసహాయం సారు ఫోన్‌లో అరవలేదు. ఆ ముక్కను తెలుగులో మెల్లగా చెప్పి, దీనికి అర్థమేమి శెట్టిగారూ అని అడిగారట. శెట్టిగారు రిసీవరు పెట్టేసి, గల్లాపెట్టె ముందు అలాగే కూర్చుండిపోయారు. వాళ్ల కొట్టులో కొన్న బిందెకు చిల్లు ఉండదని మూడు తరాల నుంచీ పేరు. కొంచెంసేపటికి లేచి భుజాన కండువా వేసుకొని, పోదాం పదమ్మా అన్నారు.

మేం బస్సు దిగి వెళ్లేసరికి పిల్లలు వరండాలో కూర్చొని ఉన్నారు. గదిలో సారుతోపాటు సంఘం పెద్ద ఒకాయన ఉన్నాడు. ఎండలో నుంచి వచ్చిన మనిషి, తలగుడ్డ కూడా తీయలేదు. శెట్టిగారిని చూస్తూనే, దొంగ సరుకు తెచ్చి పిల్లోళ్ల చేతికిస్తారా అని నిలదీశాడు. నాకు సరుకు అమ్మిన బెంగళూరువాళ్లను అనాలనిపించింది, అప్‌డేట్‌ను అనాలనిపించింది. శెట్టిగారు ఎవరినీ అనలేదు.

"నా మాట మీద కొన్యారు మీరు. వెనక్కి తీసుకపొమ్మంటే ఇప్పుడే ఎత్తకపోతా. సరిచేయమంటే నా మాట మీదనే సరిచేపిస్తా. ఏది చెప్తే అది" అన్నారు.

సారు నా వైపు తిరిగారు. సరి అవుతుందా అమ్మా అని అడిగారు. నేను డబ్బాలు ఒక్కొక్కటే తిప్పి చూశాను. చాలావాటికి స్టిక్కర్లు ఉన్నాయి. అంటే ఆ డబ్బాలు కంపెనీలో పుట్టినప్పుడే ఒక్కో లైసెన్సుతో పుట్టాయి. ఆఫీసువాళ్లు దాన్ని పక్కన పెట్టి తమ కీ వాడుకున్నారు. ఆ పాత లైసెన్సు డబ్బా మీద ఎవరూ పట్టించుకోకుండా అలాగే ఉండిపోయింది. దాంతోనే మళ్లీ మొదటి నుంచి విండోస్ ఎక్కించాలి. ఎక్కువ భాగం బాగవుతాయి సార్, వారం పడుతుంది అని చెప్పాను.

వారం అన్న తర్వాత గుర్తొచ్చింది. సోమవారానికి నేను హైదరాబాదులో ఉండాలి.

సోమవారం

హైదరాబాదులో ఒక పెద్ద సర్వీసు కంపెనీలో నాకు ఉద్యోగం ఖాయమైంది. ఇంటర్వ్యూకు పోయినప్పుడు వాళ్ల వర్క్‌షాపు చూశాను. ప్రతి బల్లకూ సొంత దీపం, పనిముట్లు తగిలించుకోవడానికి గోడకు చట్రం, గాలిలో ఎక్కడా దుమ్ము లేదు. మెడలో కార్డు వేసుకున్న ఆడవాళ్లు బోర్డులు చేత్తో పట్టుకొని మాట్లాడుకుంటూ నడుస్తున్నారు. ఆడమనిషి స్క్రూడ్రైవరు పట్టుకుంటే అక్కడ ఎవరూ ఆగి చూడటం లేదు. తిరిగి వచ్చే బస్సులో జడ్చర్ల దాటేదాకా నేను ఆ బల్లల్లో ఒకదాని ముందే కూర్చొని ఉన్నాను. పాలిటెక్నిక్ చదివే రోజుల నుంచీ నేను కోరుకున్నది అలాంటి చోటే. మా ఆయన కూడా అడ్డం చెప్పలేదు. నువ్వు పో, సెలవు దొరికినప్పుడు నేనొస్తాను, నాకు రైలు ఊరకే గదా అన్నాడు.

శెట్టిగారికి ఇదంతా తెలుసు. ఆత్మకూరు నుంచి తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ వైపు చూస్తూ, "నువ్వు సోమవారం పో తల్లీ. నేను ఇంకెవరినన్నా చూసుకుంటా" అన్నారు. ఆ పని తెలిసినవాళ్లు మా ఊళ్లో అప్పుడు ఇంకెవరూ లేరని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

మర్నాడు కంపెనీకి ఫోన్ చేసి ఒక వారం గడువు అడిగాను. చూస్తాం అన్నారు. నేను ఆ మాటను సరే అన్నట్టుగా తీసుకున్నాను.

అరిగిన అక్షరాలు

శనివారం నుంచి స్కూల్లో మకాం. సారు వాళ్ల ఇంట్లోనే భోజనం. ఎక్కించడం పెద్ద పని కాదు, డిస్కు వేసి కూర్చోవడమే. కష్టమంతా స్టిక్కరు చదవడంలో ఉంది. ఆఫీసుల్లో డబ్బాలను కాళ్ల దగ్గర పెట్టుకుంటారు. తుడిచేవాళ్లు తుడిచి తుడిచి, కాళ్లు తగిలి తగిలి అక్షరాలు అరిగిపోతాయి. టార్చి లైటును పక్కనుంచి ఏటవాలుగా వేసి, సారు దగ్గరున్న భూతద్దం పెట్టి చూసేదాన్ని. అది ఎనిమిదా బీనా, ఆరా జీనా అని ఒక్కొక్క దానికే ఎంతోసేపు కొట్టుకునేవాళ్లం. ఆ కీలలో సున్నా ఉండదు, ఓ అక్షరమూ ఉండదు. ఇలాంటి చిన్న విషయాలు తెలిస్తే సగం పని తగ్గుతుంది. స్టిక్కరు చిరిగిపోయిన డబ్బా దగ్గర ఊహించి రాయవద్దు. చదవలేకపోయానని చెప్పండి. చెప్పినందుకు నన్ను ఎవరూ ఎప్పుడూ తిట్టలేదు.

కీ కొట్టిన తర్వాత ఇంకో మెట్టు ఉంది. కంప్యూటర్లు తయారుచేసే పెద్ద కంపెనీల డబ్బాల మీది కీలను ఇంటర్నెట్ తీసుకునేది కాదు. విండోస్ లైసెన్సులు చూసేవాళ్లకు ఫోన్ చేయాల్సిందే. ముందు ఒక రికార్డు గొంతు వస్తుంది. అది ఒప్పుకోకపోతే మనిషికి కలుపుతుంది. తెర మీద కనిపించే పెద్ద అంకెల వరుసను మనం చదవాలి, అవతలివాళ్లు ఇంకో వరుస చదువుతారు, దాన్ని మనం కొట్టాలి. ఒక్క అంకె తప్పితే మళ్లీ మొదటికి. ఫోన్ సారు గదిలో ఉంటుంది, కంప్యూటర్లు వరండా చివర. పొడుగాటి తీగ తెప్పించి ఫోన్‌ను గదిలోకి లాక్కున్నాను.

రీనా

మొదటి కంప్యూటరుకు ఫోన్ ఎత్తిన అమ్మాయి తన పేరు రీనా అని చెప్పింది. ఇంగ్లీషు బాగా మాట్లాడింది. విండోస్ మళ్లీ ఎందుకు ఎక్కించారు, ఎన్ని కంప్యూటర్లలో ఉంది అని అడగాల్సినవి అడిగింది. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అంకెలు చదువుతుంటే మధ్యలో సారు టార్చి తప్పుగా పట్టుకున్నారు. ఆడ కాదు సార్, ఈడ పట్టుకోండి అన్నాను. అవతల గొంతు ఒక్క క్షణం ఆగింది. మళ్లీ మామూలుగా తన అంకెలు చదివింది. కంప్యూటరు ఒప్పుకుంది.

రెండో కంప్యూటరుకు ఎవరో మగపిల్లవాడు లైన్లోకి వచ్చాడు. మూడోదానికి మళ్లీ రీనా. ఈసారి మా కంప్యూటరు ముందుకు కదలడానికి టైము తీసుకుంటోంది. ఆ ఖాళీలో ఆమె గొంతు తగ్గించి, "మేడమ్, మీరు యాడ నుంచి మాట్లాడతాండారు?" అంది.

ఆత్మకూరని చెప్పాను. మాది ఎర్రగుంట్ల మేడమ్ అంది. ఇంకేదో అనబోయి, ఉన్నట్టుండి ఇంగ్లీషులోకి మారి తర్వాతి అంకెలు చదవమంది. ఆమె వెనక ఎవరో పై అధికారులు నడిచి వెళ్లారని నాకు తర్వాత అర్థమైంది. ఆ ఫోన్లన్నీ రికార్డు అవుతాయి.

ఆ వారంలో ఆమె నాకు నాలుగైదుసార్లు తగిలింది. అందరూ మేడమ్‌లే అయినచోట ఆమె నన్ను అక్కా అనడం మొదలుపెట్టింది. కంప్యూటరు ముందుకు కదలని నిమిషాల్లోనే మా మాటలు. తన అసలు పేరు రెహానా అట. ఆఫీసులో అందరికీ పలకడానికి తేలికైన పేరు పెడతారట. ఎక్కడ కూర్చొని మాట్లాడుతున్నావని అడిగితే హైదరాబాదు అంది. నేను ఆత్రంగా ఆ ఊరి గురించి అడిగాను. వర్క్‌షాపులో చూసిన ఆ బల్లలు నా కళ్లలోంచి పోలేదు మరి.

"చల్లగా ఉంటాది అక్కా. బయట ఎండనో వాననో తెలీదు. కిటికీ తెరుచుకోదు" అంది. తర్వాత అడిగింది, "మీ తావ ఈ పొద్దు ఎట్లుండాది?"

నేను తల తిప్పి గుమ్మంలోంచి చూశాను. ఎండ గట్టిగా కొడుతోంది, నల్లమల వైపు నుంచి గాలి రేగి వరండాలో ఎర్రమట్టి పోస్తోంది, పిల్లలు కళ్లు మూసుకొని నవ్వుతున్నారు. నాకు ఎప్పుడెప్పుడు వదిలిపోదామా అనిపించే దుమ్ము అది. అదే చెప్పాను.  నేను చెప్పడం ఆపితే, ఇంకా చెప్పండక్కా అంది.

ఆఖరి కంప్యూటరుకు కూడా అదృష్టం కొద్దీ ఆమే ఎత్తింది. మీ ఇంట్లో ఎవరున్నారని అడిగాను. అమ్మ పోయింది, మా అబ్బా, అంటే నాయన, ఒక్కడే, లారీలు నిలిపే తావ టైర్లకు పంచర్లు వేస్తాడు అని చెప్పింది.

"ఎప్పుడన్నా ఆ పక్క పోతే అక్కా..." అని ఆగిపోయింది.  "ఏం లేదులే. అంకెలు రాసుకోండి" అంది.

స్టిక్కరు పూర్తిగా పోయిన డబ్బాలు మూడు మిగిలాయి. శెట్టిగారు వాటిని వెనక్కి తీసుకొని, కొట్టులో ఉన్నవాటిలో స్టిక్కర్లు బాగున్నవి మూడు పంపించారు. పిల్లలు గదిలోకి వచ్చారు. ఆ రోజు నిలదీసిన సంఘం పెద్ద కూడా వచ్చి, మూలన నక్షత్రం లేని తెరలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాడు. పోతూ శెట్టిగారి చేతిలో ఒక సీతాఫలాల సంచి పెట్టాడు. 

కర్నూలు చేరిన మర్నాడు హైదరాబాదు కంపెనీకి ఫోన్ చేశాను. ఆ స్థానంలో వేరే మనిషిని తీసుకున్నామని చెప్పారు. చెప్పిన అమ్మాయి గొంతులో విసుగు లేదు, జాలి లేదు. శెట్టిగారు ఆ రోజు కొట్టు మూసేటప్పుడు తాళం చేత్తో పట్టుకొని, "నువ్వు పోయుండాల్సింది తల్లీ" అన్నారు. అప్పటి నుంచి బెంగళూరుకు సరుకు కోసం నన్ను వెంటబెట్టుకొని పోయేవారు. నేను డబ్బా తిప్పి చూసి తల ఊపితేనే లారీకెక్కేది.

పోకపోవడం తప్పా ఒప్పా అని మీరు అడగవచ్చు. ఆ గదిలో పిల్లల్ని చూసి సంతోషపడ్డాను. ఆ బల్ల కావాలని ఏడ్చాను కూడా. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కావాల్సిన పని లేదని ఈ వయసులో అనిపిస్తోంది.

ఎర్రగుంట్ల

కొన్ని నెలల తర్వాత ఎర్రగుంట్లలో లారీలు తూకం వేసే ఒక కాటా ఆఫీసులో మేం అమ్మిన కంప్యూటరు చెడిపోతే వెళ్లాను. పని మధ్యాహ్నానికే అయిపోయింది. కర్నూలు బస్సుకు ఇంకా టైముంది. లారీలు నిలిపే చోటు ఎక్కడని అడిగి నడుచుకుంటూ పోయాను. సిమెంటు దుమ్ముతో లారీలు, మనుషులు, రేకుల కొట్లు అన్నీ ఒకే రంగులో ఉన్నాయి. రెహానా వాళ్ల నాయన కొట్టు అంటే, మస్తాన్ అన్న కొట్టా అని ఒకతను చూపించాడు.

మస్తాన్ అన్నకు యాభై అయిదు దాటి ఉంటాయి. నీళ్ల తొట్టిలో ట్యూబును ముంచి బుడగలు చూస్తున్నాడు. నేను కర్నూలు నుంచి వచ్చానని, కంప్యూటర్ల పని చేస్తానని చెప్పాను. ఈడ కంప్యూటర్లు లేవమ్మా అన్నాడు. మీ పాపతో ఫోన్‌లో మాట్లాడినాను అన్నా అన్నాను. ట్యూబును తొట్టిలోనే వదిలేసి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

జరిగింది చెప్పాను. ఆమె ఏమడిగింది, నేనేం చెప్పాను, ఏ మాట దగ్గర ఆగిపోయింది అన్నీ చెప్పాను. ఆయన కూర్చోమని టైరు మీద గోనెసంచి వేశాడు. అప్పుడు ఆయన కథ ఆయన చెప్పాడు. డిగ్రీ అయ్యాక పక్క బడిలో టీచరుగా చేరమని ఈయన, హైదరాబాదు పోతానని ఆ పిల్ల. మాట మీద మాట పెరిగింది.

"పోతే మళ్ల ఈ గడప తొక్కొద్దు అన్యానమ్మా. కోపంలో అన్యా. ఆ పిల్లకు నా మొండితనమే వచ్చినాది. తొక్కల్యా" అన్నాడు. ఎక్కడుందో, ఏం చేస్తోందో నాకన్నా ఆయనకే తక్కువ తెలుసు. తర్వాత నన్ను అడిగాడు, "గొంతు ఎట్లుండాదమ్మా? బాగుండాదా?"

బాగుందన్నా, మెత్తగా మాట్లాడుతుంది అన్నాను. ఆమె నంబరు ఇయ్యమన్నాడు. నా దగ్గర ఆమె నంబరు లేదు. ఉన్నది లైసెన్సుల కోసం దేశమంతా చేసే నంబరు. ఎవరు ఎత్తుతారో తెలియదు. ఆ సంగతి చెప్పాను. అయినా చేయమన్నాడు.

పక్కనే ఎస్‌టీడీ బూత్. నేను నంబరు కలిపి రిసీవరు ఆయన చెవికి కూడా అందేలా పట్టుకున్నాను. రికార్డు గొంతు ఇంగ్లీషులో అంకెలు నొక్కమని అడిగింది. ఏమీ నొక్కకుండా ఉంటే కాసేపటికి మనిషికి కలుపుతుందని నాకు తెలుసు. ఒక అబ్బాయి వచ్చాడు. ప్రోడక్ట్ నంబరు చెప్పమన్నాడు. ఇది లైసెన్సు సంగతి కాదని చెబితే అతనికి అర్థం కాలేదు. మస్తాన్ అన్న రిసీవరు తీసుకొని తన ఉర్దూలో మాట్లాడాడు. రెహానా అనే పాప ఉందా బాబూ అని అడిగాడు. ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరని అతను అన్నట్టున్నాడు. ఆయన ముఖం వాడిపోయింది.

రీనా అని అడుగన్నా, అక్కడ ఆమెకు పెట్టిన పేరు అదే అని చెప్పాను.

ఆయన నా వైపు చూశాడు. కూతురిని ఎవరో పెట్టిన పేరుతో పిలవడానికి ఆయనకు నోరు రాలేదు. గొంతు సవరించుకొని ఉర్దూలో మెల్లగా అన్నాడు. మీరు రీనా అని పిలిచే పాపకు వాళ్ల అబ్బా ఫోన్ చేశాడని చెప్పు నాయనా, ఇంకేం చెప్పొద్దు అని.  చెప్తాను అంకుల్ అని అతను అనడం నాకూ వినిపించింది. ఆయన రిసీవరును రెండు చేతులతో పట్టుకొని పెట్టాడు.

బస్సెక్కే ముందు మా కొట్టు కార్డు ఆయనకిచ్చాను. నాకు పెద్ద నమ్మకం లేదు. వందలమంది పనిచేసే చోట ఆ మాట ఎవరికి చేరుతుంది?

పది పన్నెండు రోజుల తర్వాత కొట్టుకు ఫోన్ వచ్చింది. శెట్టిగారు ఎత్తి, ఎవరో ఎర్రగుంట్ల ఆయనంట అని నాకిచ్చారు.

"పక్క బూత్‌కు ఫోన్ చేసి పాప మాట్లాడినాదమ్మా" అన్నాడు మస్తాన్ అన్న.

ఏమన్నదన్నా అని అడిగాను.

"తినినావా అబ్బా అనింది. తినినా అన్యా. అప్పటికి ఇంకా తినల్యా నేను" అని నవ్వాడు.  అంతటితో ఫోన్ పెట్టేశాడు.

ఆ తర్వాత వచ్చిన పండక్కు ఆ పిల్ల ఇంటికి వచ్చిందని, నంబర్లు చదివే అక్కకు సలాము చెప్పమందని తర్వాత తెలిసింది. నేను ఆమెను ఎప్పుడూ చూడలేదు. ఆ తర్వాత లైసెన్సుల కోసం ఎన్ని వందలసార్లు ఆ నంబరుకు ఫోన్ చేశానో. అవతల రిసీవరు ఎత్తిన చప్పుడు కాగానే ఆమె గొంతేనా అని వినేదాన్ని. ఆమె మళ్లీ తగల్లేదు. ఆ ఉద్యోగం మానేసి వేరేచోట చేరిందన్నారు. మస్తాన్ అన్న పోయాక ఆ కబురు కూడా ఆగిపోయింది.

ఇప్పుడు

శెట్టిగారు కాలం చేశారు. కొట్టు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. కొత్త కంప్యూటర్లలో లైసెన్సు బోర్డు లోపలే దాగి ఉంటుంది. డబ్బా తిప్పి చూడాల్సిన పని తగ్గిపోయింది, అంకెలు చదివి వినిపించాల్సిన పనీ దాదాపు లేదు. పని సులువైనందుకు నేను బాధపడను. కానీ పొద్దున పది గంటలప్పుడు చేతికి ఏమీ తోచదు. ఎవరైనా ఒక అరిగిన స్టిక్కరు తెచ్చి ఇది ఎనిమిదా బీనా అని అడిగితే బాగుండనిపిస్తుంది.

పోయిన ఏడాది మా ఆయన కంటి ఆపరేషనుకు హైదరాబాదు వెళ్లాం. ఆయన మందుల మత్తులో నిద్రపోతుంటే మా చెల్లెలిని పక్కన కూర్చోబెట్టి, సాయంత్రం ఆటో ఎక్కి అద్దాల ఆఫీసులున్న వైపు వెళ్లాను. ఎందుకు వెళ్లానో ఆటో అతనికి చెప్పలేకపోయాను. ఏదో ఒక గేటు ముందు దిగాను. షిఫ్టు మారే వేళ. మెడలో కార్డులు వేసుకొని పిల్లలు గుంపులు గుంపులుగా బయటికి వస్తున్నారు. అందరూ ఫోన్లలో మాట్లాడుతున్నారు. ఇంగ్లీషు, హిందీ, కోస్తా యాస, తెలంగాణ యాస. నేను బస్టాపులో నిలబడి వింటూ ఉన్నాను. ఒకమ్మాయి నా పక్కనుంచి పోతూ, "యాడుండావు మా? మందులు ఏసుకున్నావా?" అంటోంది. నాకు తెలియకుండానే రెండడుగులు ఆమె వెంట నడిచాను. ఇరవై ఏళ్ల పిల్ల. నేను వెతికే మనిషికి ఈపాటికి నడివయసు వచ్చి ఉంటుంది. ఆ సంగతి తెలుస్తూనే ఉంది.

ఆ పిల్ల ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగింది. ఎవరికోసమన్నా వచ్చినారా అమ్మా అని అడిగింది.

లేదమ్మా, బస్సు కోసం అన్నాను. ఎక్కడికి పోవాలో అడిగి, ఏ నంబరు బస్సు ఎక్కాలో ఆమే చెప్పింది. నేను ఆ బస్సు ఎక్కాను.